నలువదితొమ్మిది ఘడియల పగలు

విమానయానమును గూర్చి కొంచెము మాటాడుమని నన్ను కోరినారు. విమానము గాలిలో నెట్లు నిలుచునో చెప్పుటకు నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. చిరకాలము పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందిన పంతులను. నాకు తెలిసినది పంచాంగము. కావున హైదరాబాదు మొదలు జర్మనీ దేశములోని బాన్ నగరము వరకు, రెండు విమానములమీదను రెండు రైలుబండ్లమీదను, ఒక్క దినమున నేను చేసిన ప్రయాణమును పంచాంగము చేతబట్టుకొనియే చెప్పెదను. ఆ దినము 2022 జూన్ 23, శుభకృత్ సంవత్సర జ్యేష్ఠ బహుళ దశమీ గురువారము. అంత పొడుగైన పగలును నేను అంతకుముందు చూడలేదు, తరువాతను చూడలేదు.

ఆ తిథి మా తండ్రిగారి ఆబ్దిక తిథి. ఆయన గతించిన నాటినుండి ఆ దినమున నేను ఊరు విడిచి యెరుగను. ఒక సంవత్సరము జ్వరముతో లేవలేకుండియు తడిబట్టతో పీటమీద కూర్చుంటిని. అట్టివాడను ఆనాడే ఆకాశమున నుండవలసి వచ్చుటకు కారణము మా అమ్మాయి. ఆమె భర్తతోగూడ బాన్ నగరమున కాపురమున్నది. పురుటికి మేమాలుమగలము జూలై నెలలో పోవలెనని వీసాలు మొదలైనవి సిద్ధపరచుకొనియుంటిమి. సోమవారము మధ్యాహ్నము అల్లునివద్దనుండి ఫోను వచ్చినది. అమ్మాయికి రక్తపుపోటు హెచ్చినదనియు, ఆసుపత్రిలో చేర్చుకొన్నారనియు, నెలలు నిండకున్నను రెండుమూడు దినములలో శస్త్రము చేసి బిడ్డను తీయక తప్పదని వైద్యులనిరనియు చెప్పెను. మాట తడబడకుండ చెప్పవలెనని ఆతడు పడుచున్న యాతన నాకు వినబడుచునే యుండెను. మాకు దొరికిన మొదటి విమానము గురువారమునాటిది.

నా భార్య నన్నేమియు అడుగలేదు. పంచాంగమును తెచ్చి నా ముందు పెట్టి వంటయింటిలోనికి పోయినది.

మా పురోహితులు నాకంటె వయసున చిన్నవారు, ప్రయోగమున మాత్రము గట్టివారు. కర్తకు శక్యము గానప్పుడు పుత్రుడుగాని సోదరుడుగాని ప్రతినిధిగా నుండి చేయవచ్చుననియు, అదియు కుదరనిచో ఆ మాసములోని కృష్ణైకాదశినాడో అమావాస్యనాడో పెట్టుకొనవచ్చుననియు సెలవిచ్చిరి. నాకు మగసంతానము లేదు. "మీ తమ్ముడుగారు ఊరిలోనే యున్నారు గదా" అని ఆయన నేలను చూచుచు అనిరి. నేలను చూచుటకు కారణము ఊరందరికిని తెలిసినదే.

2013లో మా అన్నదమ్ముల పంపకములు జరిగినవి. ఇంటిదగ్గరగాని పొలముదగ్గరగాని తగవు రాలేదు. కొబ్బరితోట నడుమ నున్న ఏడుచెట్ల వరుస ఎవరి గట్టుమీద నున్నదనుటయే చిక్కు. కొలువ వచ్చినవాడు రెండుమారులు కొలిచి రెండు విధములుగ చెప్పి పోయెను. మాట పెరిగినది. పెరిగిన మాట తొమ్మిదేండ్లు నిలిచినది. విభక్తులైన సోదరులు ఆబ్దికము వేరువేరుగ పెట్టవలెననుట శాస్త్రమే. కాని మేము శాస్త్రముకొరకే వేరుగ పెట్టుచుండలేదని మా యిద్దరికిని తెలియును. ఒక్క వీధిలో, ఒక్కనాడు, ఒక్క తండ్రికి రెండిండ్ల పొగ లేచెడిది. ఒక యింట భోక్తగా కూర్చున్నవాడు ఆ దినమున రెండవ యింట కూర్చుండరాదు. కావున ముందు పిలిచినవానికి ఊరి బ్రాహ్మణులు దొరకెడివారు. వెనుకబడినవాడు పిఠాపురమునకు మనిషిని పంపవలసినదే. ఈ పోటీలో నేను నెలముందుగనే నిమంత్రణము చెప్పిన సంవత్సరములును గలవు. ఇపుడు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

మంగళవారము దీపాలవేళ వాని యింటికి పోయితిని. తమ్ముడు అరుగుమీద పత్రిక చదువుచుండెను. "అమ్మాయికి బాగుండలేదు. గురువారము నేనుండను. నాన్నగారి కార్యము నా పేరకూడ నీవే చేయవలెను" అంటిని. దారిపొడుగున కూడదీసికొన్న మాటలు అంతతో అయిపోయినవి. ఆతడు లేచి నిలుచుండి, లోపలికి పోయి, చిన్న పొట్లములో నువ్వులును ఒక దర్భపవిత్రమును తెచ్చి నా చేతిలో పెట్టెను. "ఇవి దగ్గర నుంచుకో అన్నయ్యా. ఎక్కడ వీలగునో యెవరికి తెలియును" అని మాత్రమనెను. కూర్చుండుమని ఆతడనలేదు, నేను కూర్చుండలేదు. మరదలు మాత్రము గడపలోనుండి, "అమ్మాయికేమియు కాదు బావగారూ" అనినది.

హైదరాబాదు వరకు రైలుప్రయాణము మీరందరును ఎరిగినదే, దానిని విడిచెదను. గురువారము అచ్చట సూర్యోదయము 5 గంటల 43 నిమిషములకు. ప్రాతస్సంధ్య వార్చుకొని శంషాబాదు విమానాశ్రయమునకు పోయితిమి. 2008 వరకు బేగంపేటలో నుండిన దానిని ఇచటికి మార్చినారు. విమానములోనికి వెంట తీసికొనిపోవు సంచిలో ఒక్కొక్క సీసాకు నూరు మిల్లీలీటర్లకు మించి నీరుండరాదని 2006 మొదలు పెక్కు దేశములలో ఏర్పడిన నిబంధన అప్పుడు అమలులో నుండెను. కావున కాశినుండి తెచ్చిన గంగచెంబును పెద్దపెట్టెలో పడవేయవలసి వచ్చినది. సంచులు పరీక్షించు యువకుడు నువ్వుల పొట్లము విప్పి యిదేమని యడిగెను. "శ్రాద్ధమునకు నాయనా" అంటిని. ఆతడు మరల పొట్లము కట్టి, రెండుచేతులతో నా కిచ్చెను.

ఇక కాలమును గూర్చి కొంచెము చెప్పవలెను, లేనిచో నా పగలు ఎందులకు పెరిగినదో మీకు తెలియదు. భూమి అరువది ఘడియలలో 360 భాగలు తిరుగును. ఘడియకు ఆరు భాగలు. ఒక్కొక్క భాగకు పది విఘడియలు, ఇంగ్లీషు లెక్కలో నాలుగు నిమిషములు. పడమరకు ఒక భాగ జరిగినవానికి సూర్యుడు నాలుగు నిమిషములు ఆలస్యముగా ఉదయించును, ఆలస్యముగానే అస్తమించును. ఇది పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. లంకలో సూర్యోదయమగునప్పుడు యమకోటిలో మధ్యాహ్నమనియు, సిద్ధపురిలో అస్తమయమనియు, రోమకమున అర్ధరాత్రమనియు సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. దేశాంతరసంస్కారము లేనిదే పంచాంగము గుణింపరాదని మన జ్యోతిష్కులందరును ఎరుగుదురు.

ఊరూరికి వేరు మధ్యాహ్నమున్నను ఎడ్లబండ్ల కాలమున నది యెవరిని బాధింపలేదు. రైలుబండి వచ్చిన పిమ్మట చిక్కు వచ్చినది. ప్రతి స్టేషనునకు వేరు గడియారమైనచో బండ్లు ఒకదానినొకటి ఢీకొనును. అందుచేత మన దేశపు రైళ్లు చాలకాలము మద్రాసు కాలమును పాటించినవి. 1906లో దేశమంతటికి ఒక్క కాలము నిర్ణయించి, ఎనుబదిరెండున్నర భాగల రేఖను ప్రమాణముగ గైకొన్నారు. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. మా యూరును ఆ దాపుననే గలదు. కావున సంవత్సరము మొత్తముమీద సరాసరి చూచినచో మా యూరి సూర్యునకును గడియారమునకును ఒకటి రెండు నిమిషములకంటె భేదము లేదు. బొంబాయివారును కలకత్తావారును మా సూర్యుని చూచి గడియారములు దిద్దుకొనుచున్నారని బడిలో పిల్లలతో చెప్పి నవ్వించుచుండెడివాడను. జర్మనీవారు తమ దేశమున కంతటికి 1893లో ఒక్క కాలము పెట్టుకొనిరి. అదిగాక వేసవిలో గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పెదరు. బాన్ నగరము మా యూరికి డెబ్బదియైదు భాగలు పడమర. సూర్యునిబట్టి చూచినచో అయిదు గంటల భేదము, అనగా పండ్రెండున్నర ఘడియలు. గడియారములనుబట్టి చూచినచో ఆ వేసవిలో మూడున్నర గంటలే. మిగిలిన గంటన్నరయు అచటి గడియారము తన సూర్యునికంటె ముందు పరుగెత్తుచున్నదన్నమాట.

పది దాటిన పిమ్మట విమానము లేచినది. నా భార్య కన్నులు మూసికొని నా మణికట్టు పట్టుకొన్నది. నలువది సంవత్సరముల కాపురములో పదిమంది నడుమ ఆమె నా చేయి పట్టుకొనుట అదే మొదలు. పడమటి తీరము దాటిన తరువాత క్రింద సముద్రమే. మా తాతగారి కాలమున సముద్రము దాటి వచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించెడివారు. పైనుండి దాటినవానికి విధి యేమియో అప్పటివారి కాలోచన రాలేదు. సుమారు 2,500 కిలోమీటర్లు నాలుగు గంటలలోపల గడచి దుబాయిలో దిగితిమి. అచటి గడియారము పండ్రెండుముప్పావు. నా చేతి గడియారమును మాత్రము నేను మార్చలేదు. అందులో రెండుంబావు.

శ్రాద్ధమునకు అపరాహ్ణము ముఖ్యకాలము. పగటిని అయిదు భాగములు చేసినచో నాలుగవది అపరాహ్ణము. ఆనాడు మా యూరిలో అది సుమారు ఒకటిన్నర మొదలు నాలుగు వరకు. కావున నేను దుబాయిలో మెట్లు దిగుచున్న సమయమున మా తమ్ముడు అపసవ్యముగ జందెము వేసికొని పీటమీద కూర్చునియుండవలెను. విమానాశ్రయము మా మండలములోని ఊళ్లన్నింటిని ఒకచోట పెట్టినంత వెడల్పున్నది, బంగారపు దుకాణములున్నవి. అవి యేవియు నేను చూడలేదు. అల్లునికి ఫోను చేయగా, "ఇంకను లేదు మామయ్యగారూ, సాయంకాలము లోపలికి తీసికొనిపోవుదురట" అనినాడు. అమ్మాయితో మాటాడుటకు వీలు కాలేదు. ఒక మూల కూర్చుండి మాధ్యాహ్నికము ముగించుకొంటిని. ఇక జర్మనీలో దిగువరకు, ఏడు గంటలసేపు, వార్త యేదియు అందదు. మంచికైనను చెడుకైనను మాకు తెలియదు.

రెండవ విమానము దుబాయి కాలమున మూడు గంటలకు బయలుదేరినది. ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు సుమారు 4,800 కిలోమీటర్లు. ప్రతి పీఠమునకెదురుగ నొక పలక గలదు. అందులో విమానమెచటనున్నదో పటముగా కనబడుచుండును. నేను ఆ పలకనే చూచుచుంటిని. దుబాయిలో అపరాహ్ణము ప్రవేశించిన తరువాత విమానమెక్కితిమి. ఎక్కి రెండు గంటలైనను అపరాహ్ణము పోలేదు! సూర్యుడు పడమరకు పోవుచున్నాడు, మేమును ఆయనవెంట వాయవ్యముగ పోవుచున్నాము. ఊరిలో రెండున్నర గంటలపైని కొంచెముండు కాలము మాకు నాలుగు గంటలకు దగ్గరగా సాగినది. భూమధ్యరేఖవద్ద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున తూర్పునకు తిరుగుచున్నది. ఉత్తరమునకు పోయినకొలది ఆ వేగము తగ్గి, జర్మనీ అక్షాంశమున 1,070 మాత్రముండును. విమానవేగము 900కు దాపు. అచట తిన్నగా పడమరకు పోవు విమానమునకు సూర్యుడు ఇంచుమించు నిలిచినట్లే.

బాగ్దాదు నగరము దాటితిమని పటము చెప్పినది. ఎనిమిదవ శతాబ్దమున అల్ మన్సూరు అను ఖలీఫా కాలములో మన దేశపు జ్యోతిష సిద్ధాంతగ్రంథము ఆ నగరమునకు చేరి అరబ్బీలోనికి పరివర్తనము పొందినది. మన గణితము ఏ ఒంటెలమీదనో పోయిన దారిని నేను గాలిలో పోవుచుంటిని. లేచి విమానము వెనుకభాగమునకు పోయితిని. అచట పరిచారిక యొకతె గిన్నెలు సర్దుచుండెను. నా తండ్రి మరణించిన తిథి నేడు, రెండు నిమిషములు నిలుచుండుటకు చోటియ్యవమ్మా అని నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగితిని. ఆమె యే దేశమునకు చెందినదో తెలియదు. తెరను కొంచెము లాగి ప్రక్కకు తొలగినది.

ద్రవ్యము, బ్రాహ్మణులు, తిలోదకములు ఏవియు లేనివాడు అడవికి పోయి, చేతులెత్తి, తన లేమిని పితృదేవతలకు విన్నవించుకొన్నను వారు తృప్తులగుదురని విష్ణుపురాణము చెప్పుచున్నది. ఈ మాట బడిలో పిల్లలకు దానధర్మముల పాఠమున ఎన్నియో మారులు చెప్పినాను. నాకొరకే వ్రాసినదని యెన్నడును అనుకొనలేదు. విమానము వాయవ్యముగా పోవుచున్నది. కావున దక్షిణము నాకు వెనుక, ఎడమప్రక్కను. తమ్ముడిచ్చిన పవిత్రము వ్రేలికి తొడిగికొని, ఆ దిక్కునకు తిరిగి, చేతులెత్తితిని. గోత్రనామములు చెప్పుకొంటిని. దేశకాలములు చెప్పవలసినచోట నాలుక ఆగినది. ఏ దేశము? క్రింద నున్నది ఇరాకు. నేనున్నది ఏ దేశమునను గాదు. ఆకాశే అని చెప్పి ముగించితిని. నువ్వులు విడుచుటకు నీరును లేదు, నేలయు లేదు. పొట్లమును మరల నడుమున దోపుకొని వచ్చి కూర్చుంటిని. నా భార్య నన్ను చూచి, "అయినదా?" అనెను. అయినదంటిని.

ఇచట నొక చిత్రము చెప్పవలెను. సూర్యోదయాస్తమయములు ఊరూరికి మారును గాని తిథి మారదు. చంద్రుడు సూర్యునికంటె పండ్రెండు భాగలు ముందుకు జరిగిన కాలమే తిథి. అది లోకమంతటికి ఒక్క క్షణముననే మొదలై ఒక్క క్షణముననే ముగియును. పంచాంగముబట్టి ఆనాడు దశమి మన కాలమున రాత్రి 9 గంటల 41 నిమిషముల వరకు గలదు. నా చేతి గడియారములో ఆ వేళ అయినప్పుడు మేము రుమేనియా దేశముమీద నుంటిమి. మా యూరిలో దీపములార్పి పండుకొను సమయము. ఇచట కిటికీలో ఎండ కన్నులు మిరుమిట్లు గొలుపుచున్నది. మా పగటిలో ఇంకను తొమ్మిది ఘడియల ప్రొద్దున్నది, తిథి మాత్రము వెళ్లిపోయినది. మా నాన్నగారిని ఇంటినుండి సాగనంపినట్లే నాకు తోచినది.

ఫ్రాంక్‌ఫర్టులో దిగునప్పటికి అచటి గడియారము ఏడుముప్పావు. అల్లుడు ఆసుపత్రి విడిచి రాజాలక, ఎక్కడ ఏ బండి యెక్కవలెనో తెలుగున వ్రాసి ముందే పంపియుండెను. పెట్రోలు ధరలు పెరిగినవని జర్మనీ ప్రభుత్వమువారు 2022 జూన్, జూలై, ఆగస్టు నెలలలో ఒక్కొక్క నెలకు తొమ్మిది యూరోలకే, అనగా మన సొమ్ము సుమారు 740 రూపాయలకే, దేశమంతట చిన్నబండ్లలో తిరుగుటకు టిక్కెట్టు ఇచ్చిరి. మాకును అవియే కొనియుంచినాడు. వేగముగ పోవు పెద్దబండ్లకు ఆ టిక్కెట్టు చెల్లెడిది కాదు. విమానాశ్రయము క్రిందనే రైల్వేస్టేషనున్నది. తొమ్మిది గంటలకు ఇంచుక ముందు ఎక్కితిమి. చౌక టిక్కెట్టు గనుక బండి మన సంక్రాంతి బండివలెనే యుండెను. సైకిళ్లతో కొందరు, కుక్కలతో కొందరు, అందరును ముఖములకు గుడ్డలు కట్టుకొనియుండిరి. కరోనా భయము అప్పటికి పూర్తిగ పోలేదు. ఒక పిల్లవాడు లేచి నా భార్యకు చోటిచ్చెను.

ఆమె సంచిలోని ఫోనును తీసి పదిమారులు నొక్కి చూచినది. పరదేశములో అది పలుకలేదు. దిగి రెండు గంటలు కావచ్చినను మాకు వార్త లేదు. మైన్‌జ్ అను నగరము వచ్చినది. సీసపు అక్షరములు పోతపోసి పుస్తకములచ్చువేయుట యూరపు ఖండమునకు నేర్పిన గూటెన్‌బర్గు పుట్టిన ఊరది. మరియొకనాడైనచో స్టేషనులో దిగి ఆ మట్టిని కన్నులకద్దుకొనియుందును. ఆనాడు ఊరి పేరు చదివి ఊరకుంటిని.

నా భార్యకెదురుగ ఒక వృద్ధురాలు కూర్చునియుండెను. ఫోనును, ఆమె ముఖమును, నన్ను చూచి, తన ఫోను తీసి చేతికిచ్చినది. "డాటర్? బేబీ?" అని నా భార్య నడిగినది. ఎట్లు గ్రహించినదో దైవమునకే తెలియును. అంకెలు నేను నొక్కితిని. అల్లుడు పలికెను. సాయంకాలము 6 గంటల 40 నిమిషములకు ఆడపిల్ల పుట్టినదనియు, రెండు కిలోలున్నదనియు, వెచ్చని గాజుపెట్టెలో నుంచినారనియు, అమ్మాయికి పోటు దిగుచున్నదనియు, ఇపుడు నిద్రపోవుచున్నదనియు చెప్పెను. నేనొక్కొక్క మాటయు బిగ్గరగ తిరిగి చెప్పుచుంటిని. బండిలోనివారందరు మా భాష తెలియకయే మావైపు చూచుచుండిరి. నా భార్య ఆ వృద్ధురాలి చేతులు పట్టుకొని తెలుగున ఏమేమో చెప్పినది. ఆమె జర్మను భాషలో సమాధానము చెప్పినది. వారిద్దరికిని దుబాసి అక్కరలేకపోయెను.

బింగెన్ అను ఊరు దాటిన పిమ్మట రైలుదారి రైన్ నదికి ఎడమగట్టుననే పోవును. నది మాకు కుడిప్రక్కను. ఇరుప్రక్కల కొండలు దగ్గరకు వచ్చి, వాని వాలున మెట్లుమెట్లుగ ద్రాక్షతోటలు, శిఖరములందు పాత కోటలు. పాపికొండల నడుమ గోదావరి జ్ఞాపకము వచ్చినది. అయితే ఈ నది యంత వెడల్పు గాదు, దానిమీద సరకుల ఓడలు బారులుగ పోవుచుండెను. సూర్యుడు మాకు ఎడమనున్న కొండల వెనుకకు, సరిగా వాయవ్యపు మూలకు దిగెను. అంతయుత్తరమున ఆయన గ్రుంకుట నేనెన్నడును చూడలేదు. నది నీడలో నున్నది, ఆవలి గట్టు కొండల కొనలమీద మాత్రము ఎఱ్ఱని వెలుగు. అచటి గడియారము 9 గంటల 45 నిమిషములు. నా చేతిదానిలో రాత్రి ఒంటిగంట దాటి పావు. హైదరాబాదులో ఉదయించిన సూర్యుడు పందొమ్మిదిన్నర గంటలకు అస్తమించెను. ఆనాడు హైదరాబాదులో పగలు ముప్పదిమూడు ఘడియలు. నాకు నలువదితొమ్మిది. కిటికీ ప్రక్క నిలుచుండియే, అర్ఘ్యములు మనస్సున విడిచి, సాయంసంధ్య ముగించితిని.

కోబ్లెన్‌జ్ నగరమున బండి మారవలెను. మోజెల్ నది వచ్చి రైన్ నదిలో కలియు సంగమస్థలమది. ఎక్కవలసిన బండి ఆలస్యమైనది. పెట్టెలపైన కూర్చుండి దుబాయిలో కొన్న రొట్టెలు తింటిమి. ఆమె తినలేదు. బిడ్డను చూచిన తరువాతనే యనినది. తరువాతి దారియంతయు చీకటి.

బాన్ స్టేషనులో దిగునప్పటికి పదకొండున్నర. 1818లో జర్మనీ దేశమున మొట్టమొదటి సంస్కృతాచార్యపీఠమును పొంది, 1823లో భగవద్గీతను లాటిను తర్జుమాతో అచ్చువేయించిన ఆగస్ట్ విల్హెల్మ్ ష్లేగెల్ ఈ నగరముననే యుండెను. ఆయన పేరు నేను విద్యార్థిగా నున్ననాటినుండి యెరుగుదును. ఆ రాత్రి మాత్రమది జ్ఞాపకమునకే రాలేదు. అల్లుడు ఎదురు వచ్చి పాదములకు నమస్కరించి, మొదటి మాటగా, "చిన్నమామయ్యగారు మూడుమారులు ఫోను చేసినారు, మేలుకొనియే యున్నారట" అని తన ఫోను నా చేతికిచ్చెను.

మా యూరిలో అప్పుడు తెల్లవారుజామున మూడు. తమ్ముడు ఒక్క పిలుపునకే పలికెను. అమ్మాయి క్షేమము విని, పుట్టిన వేళ యెంత యని యడిగెను. చెప్పితిని. "అనగా మనకు పదింబావుకు అయిదు నిమిషములు తక్కువ. అరగంట ముందైనచో నాన్నగారి తిథియే గదా అన్నయ్యా! అచ్చట సూర్యుడింకను ఉన్నాడు గదా, దశమి యని వ్రాయరాదా?" అనెను. సూర్యుడుండిన నేమి, చంద్రుడు దాటిపోయెను, ఏకాదశియే, అశ్వినీ నక్షత్రము, అట్లే వ్రాయుమంటిని. "నీవు మారవు" అని నవ్వెను. వాని నవ్వు విని తొమ్మిదేండ్లయినది.

పిమ్మట కార్యము జరిగిన తీరు చెప్పెను. భోక్తలు ఊరివారే కూర్చుండిరట. రెండు పేరులును చెప్పి పిండములుంచినాడట, కాకులు వెంటనే దిగినవట. "పచ్చడికి కాయలు ఆ వరుసలోని చెట్లవే కొట్టించినాను" అనెను. ఏ వరుస యని నేనడుగలేదు. మంచిదే, చెట్లు బాగుగ కాయుచున్నవా యంటిని. నడిమి రెండు చెట్లకు ఎఱ్ఱముక్కు పురుగు పట్టినదనియు, మందు పెట్టవలెననియు చెప్పెను. పెట్టుమంటిని.

మరునాడు ఏకాదశి గనుక నేనును నా భార్యయు ఉపవాసముంటిమి. ఆసుపత్రివారు తొమ్మిది గంటలకు మమ్ము లోపలికి రానిచ్చిరి.